బాలి హనీమూన్: ముందు తేదీ చూసుకోండి, తర్వాతే ప్యాకేజీ

ప్రశ్న: మా పెళ్ళి ఫిబ్రవరి చివరి వారంలో. పదహారు రోజుల పండగ అయ్యాకే దూర ప్రయాణమని మా అత్తగారు అంటున్నారు. ఇద్దరికీ ఆఫీసులో తొమ్మిది రోజుల సెలవు దొరుకుతుంది. బాలి వెళ్ళాలని కోరిక. హైదరాబాద్‌లో ఒక ఏజెంటు ఆరు రాత్రులూ కుటాలోనే ఉంచి, రోజుకో టూర్ చొప్పున ఉబుద్, కింతామని, లెంపుయాంగ్ గుడి, నుసా పెనిడా తూర్పు పడమరలు రెండూ ఒకే రోజు, తానా లాట్, ఉలువాటు అన్నీ చూపిస్తానంటున్నాడు. నేను గుడ్డు కూడా తినను. ఆయన మాంసాహారి, బీఫ్ మాత్రం ముట్టరు. మా ఇద్దరికీ ఇదే తొలి విదేశీ ప్రయాణం. ప్యాకేజీ తీసుకోవచ్చా? మార్చిలో వానలుంటాయా? పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందే మార్చుకోవాలా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ప్యాకేజీ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ తేదీలతోనే చిక్కుంది. పదహారు రోజుల పండగ అయ్యేసరికి మార్చి నడుమకు వస్తారు. బాలిలో న్యెపీ అనే మౌన దినం సాధారణంగా మార్చిలోనే పడుతుంది. అది వాళ్ళ శక సంవత్సరాది. 2023లో మార్చి 22న, 2026లో మార్చి 19న వచ్చింది, రెండుసార్లూ సరిగ్గా మన ఉగాది నాడే. వాళ్ళు అధికమాసం లెక్కించే పద్ధతి వేరు కాబట్టి ప్రతి ఏడూ అలా కలవదు. 2024లో న్యెపీ మార్చి 11న అయిపోతే మన ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. అందుకే మీ ఏడాదికి న్యెపీ ఏ రోజో చూడకుండా టికెట్ కొనకండి. ఆ రోజు పొద్దున 6 నుంచి మర్నాడు పొద్దున 6 దాకా విమానాశ్రయం మొత్తం మూతపడుతుంది. రోడ్డు మీద మనిషి కనిపించకూడదు. పెచలాంగ్ అనే ఊరి కాపలాదారులు తిరుగుతూ బయటికొచ్చినవాళ్ళను వెనక్కి పంపేస్తారు. పర్యాటకులకూ మినహాయింపు లేదు. హోటల్ ఆవరణలోనే ఉండాలి, లైట్లు తగ్గించుకోవాలి, మొబైల్ డేటా ఆగిపోతుంది. కొత్త జంటకు ఇదంత చెడ్డ రోజేమీ కాదు, పైగా ముందు రోజు సాయంత్రం ఊరేగించే ఓగో-ఓగో భూతాల బొమ్మలు చూసి తీరాల్సినవి. కాకపోతే తెలిసి వెళ్ళాలి. ఏజెంటు ఆ రోజున కూడా ఏదో ఒక టూర్ రాసి ఉంటే అతనికి బాలి గురించి ఎంత తెలుసో మీకే అర్థమవుతుంది.

ఇక వాన. బాలిలో వానాకాలం నవంబరు నుంచి మార్చి దాకా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మరీ ఎక్కువ. మార్చిలో తగ్గుముఖం పడుతుంది కానీ పోదు. రోజంతా ముసురు పట్టినట్టు ఉండదు, రెండు మూడు గంటలు కుమ్మరించి తెరిపిస్తుంది. అసలు ఇబ్బంది సముద్రంతో. పడమటి గాలులకు కుటా, లెగియాన్, సెమిన్యాక్ తీరాలకు కుప్పలుగా ప్లాస్టిక్ చెత్త కొట్టుకొస్తుంది, నుసా పెనిడా పడవలు గాలి ఎక్కువైతే రద్దవుతాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడి కాలం. సెలవు జరుపుకోగలిగితే ఏప్రిల్ రెండో సగం నుంచి జూన్ మొదటి వారాల లోపు పెట్టుకోండి. రద్దీ తక్కువ, చెట్లు ఇంకా పచ్చగానే ఉంటాయి. జులై, ఆగస్టుల్లో ఆస్ట్రేలియా, యూరప్ జనం దిగి గదుల ధరలు పెరుగుతాయి. పైగా ఆషాఢంలో కొత్త జంటను వేరుగా ఉంచే ఆనవాయితీ మీ ఇంట్లో ఉంటే ఆ నెల ఎలాగూ కుదరదు.

సెలవు మార్చిలోనే తప్పదంటే నెల బదులు దేశాన్ని మార్చడం మేలు. ఆ నెలలో థాయ్‌లాండ్ పడమటి తీరంలోని క్రబి, ఫుకెట్‌ల దగ్గర సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. శ్రీలంక నైరుతి తీరంలో గాలె, మిరిస్సలకు కూడా అది మంచి కాలమే. వియత్నాంలో ఫుకువాక్ దీవి బాగుంటుంది. ఉత్తర థాయ్‌లాండ్‌లో చియాంగ్‌మాయ్ వైపు మాత్రం వెళ్ళకండి, ఆ నెలల్లో పొలాలు, అడవులు కాల్చిన పొగతో కొండలే కనపడవు.

బాలికే వెళ్తున్నారనుకుని మిగతాది చెప్తాను.

ఏజెంటు ప్లానులో ఊళ్ళు మంచివే, బస తప్పు. మ్యాపులో బాలి చిన్నగా కనిపిస్తుంది. అక్కడ రైలు లేదు, ఉన్నవి ఇరుకు రోడ్లు, వాటి నిండా స్కూటర్లు. విమానాశ్రయం నుంచి ఉబుద్ దాదాపు 35 కిలోమీటర్లే అయినా గంటన్నర పడుతుంది, సాయంత్రమైతే రెండు గంటలు. కుటా నుంచి లెంపుయాంగ్‌కు వెళ్ళడానికే రెండున్నర మూడు గంటలు. అంటే ఆరు రోజుల హనీమూన్‌లో రోజుకు అయిదారు గంటలు కారు వెనక సీట్లోనే పోతాయి. అదే డబ్బుతో మూడు చోట్ల బస పెట్టుకుంటే ఆ గంటలు మీకు మిగులుతాయి.

ఏడు రాత్రులు దొరికితే ఇలా పంచుకోండి. దిగగానే ఉబుద్‌లో మూడు రాత్రులు, తర్వాత తూర్పు తీరాన సనూర్‌లో రెండు, చివర విమానాశ్రయానికి దగ్గరగా జింబరన్‌లో గానీ ఉలువాటు వైపు గానీ రెండు. ఆరు రాత్రులే ఉంటే సనూర్‌లో ఒకటి తగ్గించి పెనిడా మానేయండి, ఉబుద్‌లో తగ్గించకండి.

ఉబుద్‌లో మొదటి రోజు ఏమీ పెట్టుకోవద్దు. పెళ్ళి హడావిడి, ఆ వెంటనే విమానం. రెండో రోజు పొద్దున 8 లోపే తెగలలాంగ్ వరి మడులకు వెళ్తే ఎండా ఉండదు, బస్సుల జనమూ ఉండరు. అక్కడి నుంచి తంపక్‌సిరింగ్‌లోని తీర్థ ఎంపుల్ గుడి దగ్గరే. క్రీ.శ. 962లో కట్టిన గుడి, ఊట నీళ్ళు ధారలుగా పడే కోనేరు ఉంటుంది. స్నానం చేయాలనుకుంటే అక్కడే అద్దెకిచ్చే సరోంగు కట్టుకోవాలి. ఎడమ నుంచి ఒక్కో ధార కింద తల పెడుతూ కుడివైపుకు వెళ్తారు. వాటిలో రెండు ధారలు చనిపోయినవాళ్ళ కర్మలకు కేటాయించినవి, వాటిని దాటేయాలి. ఏవో తెలియకపోతే ముందున్న బాలి వాళ్ళు ఏం చేస్తున్నారో చూసి అలాగే చేయండి. నెలసరి సమయంలో బాలి గుళ్ళలోకి ఆడవాళ్ళు వెళ్ళకూడదని గుమ్మం దగ్గరే బోర్డు ఉంటుంది, తేదీలు పెట్టుకునేటప్పుడు అదీ చూసుకోండి.

లెంపుయాంగ్ గురించి మీ ఏజెంటు చెప్పని సంగతి ఒకటుంది. రెండు రాతి ద్వారాల మధ్య అగ్నిపర్వతం, కింద నీళ్ళలో దాని ప్రతిబింబం ఉన్న ఫొటో మీరు చూసే ఉంటారు. అక్కడ నీళ్ళు లేవు. ఫొటో తీసే కుర్రాడు ఫోన్ కెమెరా కింద ఒక చిన్న అద్దం ముక్క పెడతాడు. ఆ ఫొటో కోసం టోకెన్ తీసుకుని రెండు నుంచి నాలుగు గంటలు కూర్చోవాలి. మధ్యాహ్నానికి మబ్బు కమ్మితే కొండే కనిపించదు. మొహమాటం లేకుండా ప్లానులోంచి కొట్టేయండి. కొండ చూడాలనుంటే బతూర్ అగ్నిపర్వతం మీదికి సూర్యోదయం ట్రెక్ నయం. 1,717 మీటర్ల ఎత్తు, ఎక్కడానికి రెండు గంటలు. రాత్రి రెండింటికి ఉబుద్ నుంచి బయల్దేరాలి, పైన చలి, కింద లావా గులక. పట్టున్న బూట్లు లేకపోతే దిగేటప్పుడు జారతారు.

నుసా పెనిడాకు సనూర్ రేవు నుంచి స్పీడ్ బోటులో 30 నుంచి 45 నిమిషాలు. పొద్దున ఏడున్నర లోపు పడవ ఎక్కండి, మధ్యాహ్నానికి అలలు పెరుగుతాయి. పడవ వెనక భాగంలో కూర్చుంటే కుదుపు తక్కువ. వాంతుల బిళ్ళ ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే లాభం లేదు. దీవిలో రోడ్లు ఘోరం. తూర్పు వైపు డైమండ్ బీచ్, పడమర వైపు కెలింగ్‌కింగ్ రెండూ ఒకే రోజు అంటే ప్రతిచోటా పది నిమిషాలు ఫొటో తీసుకుని పరిగెత్తడమే. పడమర ఒక్కటే చాలు: కెలింగ్‌కింగ్, బ్రోకెన్ బీచ్, క్రిస్టల్ బే. కెలింగ్‌కింగ్‌ను పైనుంచి చూడండి, కిందికి దిగే మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, తిరిగి ఎక్కేటప్పుడు ఎండలో గంట పైనే పడుతుంది. దిగినా అక్కడ ఈతకు దిగకూడదు, అలలు మనిషిని లాగేస్తాయి. బ్రోకెన్ బీచ్ పక్కనే ఏంజెల్స్ బిల్లబాంగ్ అనే రాతి గుంట ఉంది. నీళ్ళు అద్దంలా నిలిచి ఉంటాయి, చూస్తే దిగాలనిపిస్తుంది. పోటు సమయంలో ఉన్నట్టుండి రాళ్ళ మీదుగా అల వచ్చి అందులో ఉన్నవాళ్ళను సముద్రంలోకి ఈడ్చుకుపోయిన ఘటనలున్నాయి. గట్టు మీద నిలబడి చూడండి, అంతే. తిరుగు పడవలు సాయంత్రం నాలుగైదింటితో అయిపోతాయి, మీ టికెట్ మీద టైము చూసుకుని డ్రైవర్‌కు ముందే చెప్పండి.

తీరాల తేడా కూడా తెలుసుకుని వెళ్ళండి. కుటా, సెమిన్యాక్ పడమటి వైపున్నాయి, సూర్యాస్తమయం బాగుంటుంది, కానీ అలలు పెద్దవి, లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఎరుపు-పసుపు రెండు రంగులూ ఉన్న జెండాల మధ్యే దిగాలి. సనూర్, నుసా దువా తూర్పు వైపు, బయట పగడపు దిబ్బ ఉండటంతో నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. ఈత రాని జంటకు ఇవే మేలు. కాకపోతే ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోయి బురద, నాచు తేలుతాయి.

ఉలువాటు గుడి దగ్గర సాయంత్రం 6కు కెచక్ మొదలవుతుంది. వాయిద్యాలుండవు, పదుల కొద్దీ మగవాళ్ళు గుండ్రంగా కూర్చుని "చక్ చక్" అంటూ రామాయణం ఆడతారు. కథ మనకు తెలిసిందే కనుక ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. టికెట్లు ముందే అయిపోతాయి, 5 గంటలకల్లా అక్కడుండాలి. ఆ గుడి కోతులు కళ్ళజోళ్ళు, ఫోన్లు, చెవి జూకాలు లాక్కుంటాయి, పళ్ళు ఇస్తే గానీ వదలవు. కొత్త పుస్తెల తాడుతో అటు వెళ్ళకండి, బట్టల లోపలికి ఉండే సన్న నల్లపూసలు చాలు. అసలు పెళ్ళి నగలేవీ ప్రయాణంలో వద్దు. తప్పదంటే వెళ్ళేటప్పుడే శంషాబాద్ కస్టమ్స్‌లో చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అక్కడ కొన్నవి కావని మీరే రుజువు చేసుకోవాలి. బాలిలో రేబిస్ ఉంది. కోతి గానీ కుక్క గానీ కొరికినా, గీరినా సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, ఇంటికొచ్చాక చూద్దాం అనుకోవద్దు.

తిండి విషయంలో మీకు వచ్చే ఇబ్బంది కంటికి కనపడేది కాదు. బాలి హిందువుల దీవే, శాకాహార దీవి కాదు. కూరగాయల నాసి గోరెంగ్ (వేపిన అన్నం) అడిగినా అందులో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుస్తుంది, సంబల్ కారంలోనూ అదే. పళ్ళెం అంచున పెట్టే కరకరలాడే కృపుక్ చూడ్డానికి అచ్చం మన వడియం, తినేవరకూ రొయ్యలదని తెలియదు. "సాయా వెగెతారియన్" (నేను శాకాహారిని) అని ఆగకుండా "తన్పా తెరాసి, తన్పా ఇకన్, తన్పా తెలుర్" అనండి. తన్పా అంటే లేకుండా, ఇకన్ చేప, తెలుర్ గుడ్డు. ఫోన్‌లో రాసి పెట్టుకుని చూపిస్తే ఇంకా మంచిది. టెంపే, తాహు అంటే సోయా, ధైర్యంగా తినొచ్చు. గాడో-గాడో అనే ఉడికించిన కూరగాయల వంటకంలో వేరుశెనగ పచ్చడి బాగుంటుంది, అందులోనూ గుడ్డు, తెరాసి వద్దని చెప్పాలి. మీ వారికి రెండు మాటలు చాలు: సాపి అంటే ఆవు మాంసం, బాబి అంటే పంది. ఆయమ్ అంటే కోడి. కుటా, సెమిన్యాక్, ఉబుద్‌లలో ఇండియన్ హోటళ్ళు ఉన్నాయి కాబట్టి పస్తులుండే పని లేదు. పొడులు సీలు వేయించి తీసుకెళ్ళండి, పచ్చడి సీసా చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు. తాజా పళ్ళు, పూలు, కరివేపాకు పట్టుకెళ్ళొద్దు. కుళాయి నీళ్ళు తాగకండి. మందు అలవాటుంటే బీరుతో సరి. అరక్ అనే నాటు సారా, చవక కాక్‌టెయిళ్ళలో మిథనాల్ కలిసి కళ్ళు, ప్రాణాలు పోయిన సంఘటనలు ఇండోనేషియాలో పదేపదే జరిగాయి.

కాగితాల విషయానికొస్తే, ఇంటిపేరు మార్చుకోకండి. పెళ్ళయిందని పాస్‌పోర్టులో పేరు మార్చుకోవాలన్న నియమం లేదు. మార్చుకుంటే కొత్త పాస్‌పోర్టు, కొత్త నంబరు వస్తాయి. పాత నంబరు మీద తీసుకున్న వీసా, పాత పేరుతో కొన్న టికెట్ చెల్లవు. టికెట్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా పేరుండాలి. మన పేర్లతో తరచూ జరిగే పొరపాటు, ఏజెంట్లు ఇంటిపేరును పొడి అక్షరంగా కొట్టడం. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఒక్కో విమాన సంస్థ దాన్ని ఒక్కోలా నింపమంటుంది, టికెట్ కొనేముందే ఆ సంస్థనే అడిగి నింపించండి. పాస్‌పోర్టుకు దిగే రోజు నుంచి ఆరు నెలల గడువుండాలి.

వీసా అక్కడ దిగాక ఇస్తారు, మనిషికి 5 లక్షల రూపియా (ఇండోనేషియా డబ్బు), 30 రోజులకు. ముందే ఆన్‌లైన్లో తీసుకుంటే క్యూ తప్పుతుంది, అయితే చివర గో.ఐడి అని ఉండే ప్రభుత్వ సైటులోనే. వెతికితే పైన కనిపించే నకిలీ సైట్లు రెట్టింపు గుంజుతాయి. దీనికి తోడు 2024 ఫిబ్రవరి 14 నుంచి బాలి ప్రభుత్వం మనిషికి లక్షన్నర రూపియా పర్యాటక రుసుము వసూలు చేస్తోంది, లవ్ బాలి సైటులో కట్టి క్యూఆర్ కోడ్ దాచుకోండి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఆగమన ఫారం నింపాలి, దానికి డబ్బులుండవు. మన రూపాయికి సుమారు 180–190 రూపియా వస్తుంది. అంటే ఇద్దరికీ వీసా, రుసుము కలిపి 13 లక్షల రూపియా, మన లెక్కలో ఏడు వేలు.

సున్నాల దగ్గర జాగ్రత్త. మెనూలో 45 అని ఉంటే 45 వేలు. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పన్ను, సర్వీసు కలిపి 21 శాతం దాకా పైన పడుతుంది. ఎర్రటి లక్ష నోటు, ఊదా రంగు పదివేల నోటు మసక వెలుతురులో పొరబడేలా ఉంటాయి. కుటా సందుల్లో అందరికన్నా ఎక్కువ రేటు రాసిన మార్పిడి కొట్లకు వెళ్ళకండి. చిన్న నోట్లు దొంతరగా లెక్కపెట్టి, మీరు సరిచూశాక "ఇంకోసారి" అంటూ వెనక్కి తీసుకుంటారు, అప్పుడే నాలుగైదు నోట్లు బల్ల వెనక్కి జారిపోతాయి. మీరు లెక్కపెట్టాక ఆ డబ్బు మళ్ళీ వాళ్ళ చేతికివ్వకూడదు. డాలర్లు తీసుకెళ్తే మడత, పెన్ను గీత లేని వంద నోట్లే తీసుకెళ్ళండి. అక్కడి ఏటీఎంలు కొన్ని ముందు డబ్బిచ్చి ఆ తర్వాత కార్డు ఇస్తాయి, డబ్బు చేతికి రాగానే వెనుదిరగొద్దు.

హైదరాబాద్ నుంచి వెళ్ళాలంటే సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్‌లలో ఎక్కడో ఒకచోట మారాలి, లేదా బెంగళూరు వెళ్ళి అక్కడి నుంచి నేరుగా వెళ్ళే ఇండిగో పట్టుకోవాలి. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొనకండి. మధ్యలో సామాను మీరే తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాలి, దానికి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి. సింగపూర్‌లో మనకు వీసా కావాలి, అది లేకపోతే అక్కడే ఇరుక్కుంటారు.

అక్కడ తిరగడానికి డ్రైవర్‌తో కారు పది గంటలకు పెట్రోలుతో కలిపి 6 నుంచి 8 లక్షల రూపియా. స్కూటర్ అద్దె చవకే కానీ, ద్విచక్ర వాహనానికి చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. పర్మిట్ మీ ఆర్టీఓ ఆఫీసులో వెయ్యి రూపాయలకు ఇస్తారు, ఏడాది చెల్లుతుంది.

ఇప్పుడు ఏజెంటు. తొలి ప్రయాణం కాబట్టి ప్యాకేజీ తీసుకోవడంలో తప్పులేదు, పైన చెప్పిన మూడు బసలతో తిరగరాయించండి. ఒప్పుకోకపోతే టికెట్లు, గదులు మీరే బుక్ చేసుకోవచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు. ఒప్పుకుంటే ఇవి ఈమెయిల్లో రాయించుకోండి: ప్రతి హోటల్ పేరు, గది రకం, "పూల్ విల్లా" అంటే కొలను మీ ఇద్దరికేనా అందరికీనా, విల్లా గుమ్మం దాకా కారు వస్తుందా, కారు మీకోసమేనా ఇంకో జంటతోనా, వీసా, పర్యాటక రుసుము, గుళ్ళ టికెట్లు ఇందులో ఉన్నాయా, పడవ రద్దైతే డబ్బు వెనక్కిస్తారా. టూర్‌లో "కాఫీ తోట", "వెండి పనివాళ్ళు" అని ఉంటే అవి కమీషన్ కొట్లు, తీసేయించండి. పునుగు పిల్లి తిని విసర్జించిన గింజలతో చేసే లువాక్ కాఫీ కోసం ఆ పిల్లులను బోనుల్లో పెట్టి పెంచే చోట్లకు వెళ్ళకపోతే మీరు పోగొట్టుకునేదేమీ లేదు. ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా తీసుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు, అది ఎవరి పాన్ నంబరు ఇస్తే వాళ్ళ ఖాతాలోనే పడి వాళ్ళ ఐటీ రిటర్న్‌లోనే వెనక్కొస్తుంది. రిటర్న్ వేయని పెద్దల పాన్ ఇవ్వకుండా మీ ఇద్దరిలో రిటర్న్ వేసేవాళ్ళది ఇవ్వండి.